సారథి మూడు కన్నులు

"సర్వేంద్రియాణాం నయనం ప్రధానమ్" అని పెద్దల మాట. నడచువానికి కన్ను ఎంత ముఖ్యమో, బండి నడపువానికి అంతకు పదింతలు ముఖ్యము. నడచువాడు చూపు తప్పినచో తాను పడును. నడపువాడు చూపు తప్పినచో ఇతరులు పడుదురు. అయినను మోటారు బండి నడపువానికి తన కన్నులు మాత్రమే చాలవు. అతని కంటికిని బాటకును నడుమ రేకులు, కమ్ములు, తలుపులు, వెనుక ఎత్తిన సరకు, ప్రక్కన నిలిచిన ప్రయాణికులు, ఇన్ని అడ్డములు కలవు. ఈ అడ్డములను జయించుటకే అద్దములు పుట్టినవి.

మన భాషలో అద్దమను మాట చిత్రమైనది. ఆవలి వస్తువును చూపు గాజుపలకయు అద్దమే. మన ముఖమును మనకు తిరిగి చూపు దర్పణమును అద్దమే. ముసలివారి ముక్కుపై నిలుచు జోడును కంటి అద్దములే. మోటారు సారథికి ఈ అద్దములన్నిటితోను పని కలదు. ముందు చూచుటకు గాజుపలక కావలెను. వెనుక చూచుటకు దర్పణము కావలెను. ఈ రెండును చేరలేని చోటులను చూచుటకు నేడు కెమెరా వచ్చినది. ఇవి సారథికి మూడు కన్నులు. వీనిలో ఏ యొక్కదానికి పొర కమ్మినను అనర్థమెట్లు కలుగునో, ఆ పొరను మనుష్యుడు ఎట్లు తొలగించుకొనుచు వచ్చెనో కొంత విచారింతము.

ముక్కు బస్సు ముందర

వేసవి సెలవులు ముగిసి బడులు తెరచిన వారమున, కృష్ణా డెల్టాలోని యొక పల్లెకు మిత్రుని చూడబోయితిని. అతడచ్చట ఉపాధ్యాయుడు, నేనును ఆ వృత్తిలోనివాడనే. బడి ఆవరణలో వేపచెట్టు క్రింద పిల్లల బస్సు నిలిచి యున్నది. ఇంజను ముందుకు పొడుచుకొని వచ్చిన పాతరకపు ముక్కు బస్సు అది. దానిని నడపు పెద్దమనిషి ముప్పది యేండ్లుగా చక్రము పట్టినవాడు. మాటల నడుమ నేను, "డ్రైవరు గారూ, ఇంత ఎత్తున కూర్చుంటారు గదా, మీకు ఊరంతా కనబడుతుంది" అంటిని. ఆయన నవ్వి, "ఊరు కనబడుతుంది మేష్టారూ, పిల్లలే కనబడరు. కావలిస్తే ఎక్కి చూడండి" అనెను.

ఇంజను ఆపి యున్నది. తాళపు చెవి తీసి ఆయన తన జేబులో వేసికొనెను. మిత్రుడు ఒకటవ తరగతి పిల్లలను ఎనమండుగురిని పిలిచి, బండి ముందరి బంపరునకు ఆనించి వరుసగా నిలిపెను. నేను డ్రైవరు స్థానమున గూర్చుంటిని. గేటు కనబడినది. గేటు కావలి రోడ్డును, రోడ్డు కావలి పాకమీద వాలిన కాకియు కనబడినవి. ఎనమండుగురు పిల్లలలో ఒక్కరును కనబడలేదు. చేతులెత్తుడని మిత్రుడు కేక వేసెను. బస్సు ముక్కు అంచున కొన్ని వ్రేళ్ళ కొసలు మాత్రము మొలకలవలె పైకి వచ్చినవి.

నా గుండె ఝల్లుమన్నది. ఎడమవైపు అద్దములో చూతమని తల త్రిప్పితిని. దానికి అడ్డముగా ఒక పగులు; ఆ పగులునకు పైన ఆకాశము, క్రింద చక్రము. బిగింపు సడలిన కాడను సైకిలు ట్యూబు ముక్కతో కట్టి యుంచిరి. "ప్రతి యేడూ నా కళ్ళు పరీక్ష చేయిస్తారు మేష్టారూ. బాగానే ఉన్నాయంటారు. బండి కళ్ళు మాత్రం ఎవరూ చూడరు" అని ఆయన మెల్లగా అనెను. ఆ మాటయే నాచేత ఈ వ్యాసమును వ్రాయించినది.

మొదటి కన్ను

తొలినాళ్ళ మోటారు బండ్లు పెక్కింటికి ముందర అద్దము లేదు. సారథి కంటికి పెద్ద జోడు కట్టుకొని, దుమ్మును, గాలిని, పురుగులను ముఖముతోనే ఎదుర్కొనెడివాడు. అద్దము వచ్చిన తరువాత ఆ బాధ తప్పినది గాని, కొత్త గండము వచ్చినది. అది మామూలు కిటికీ గాజు. బండి దేనినైన ఢీకొన్నచో ఆ గాజు కత్తులై లోనివారిపై పడెడిది. గాలి బాధ తీర్చుటకు వచ్చినది గొంతు కోయుటకు సిద్ధపడినది.

ఈ గండమునకు విరుగుడు ప్రయోగశాలలో ఒక పొరపాటు వలన దొరికినది. 1903లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఎడ్వార్ బెనెడిక్టస్ చేయి తగిలి ఒక గాజు కుప్పె బల్లమీదనుండి క్రింద పడెనట. కుప్పె పగిలినది గాని ముక్కలు చెదరలేదు. అందులో ఎన్నడో ఉంచిన సెల్యులోజు నైట్రేటు ఆరిపోయి, లోపల కంటికి కనబడని పొరయై, ముక్కలను పట్టి యుంచినదని ఆయన గ్రహించెను. రెండు గాజుపలకల నడుమ అట్టి పొరను పొదిగి 1909లో పేటెంటు పొందెను. నేటి బండ్ల ముందరి అద్దము ఆ వంశమునకు చెందినదే. అయితే ఆ తొలి పొర ఎండకు కొన్నాళ్ళలో పసుపుబారి, ప్రాణము కాచునది చూపును చెరచుచు వచ్చెను. తరువాత వచ్చిన మేలురకపు ప్లాస్టిక్కు పొర ఆ దోషమును చాలవరకు పోగొట్టినది.

మరియొక మార్గము గాజును ఎఱ్ఱగ కాచి చల్లనిగాలితో తటాలున చల్లార్చుట. అట్లు గట్టిపరచిన గాజు పగిలినచో కత్తులు కాదు, కలకండ పలుకులవంటి చిన్నముక్కలు రాలును. నేటికిని ప్రక్క కిటికీలకు ఎక్కువగా వాడుచున్నది ఇదియే. కాని ముందరి అద్దమునకు దీనిని వాడిన దినములలో ఒక చిక్కు బయటపడినది. ఎదుటి బండి చక్రము క్రిందనుండి ఎగిరిన చిన్న రాయి తగిలినను పలక యంతయు ఒక్కమారుగా వేయి పగుళ్ళై తెల్లబడెడిది. పరుగెత్తు బండిలో సారథి కన్నులకు గంతలు కట్టినట్లే. అందుచే సారథి ఎదుట భాగమును మాత్రము వేరుగా చల్లార్చి, పగిలినను అచ్చట ముక్కలు పెద్దవిగా నుండి కొంత చూపు మిగులునట్లు చేసిరి. కాపాడు వస్తువు చూపును గూడ కాపాడవలెనను పాఠము ఇట్లు నేర్చుకొనిరి.

అద్దము వచ్చినంతనే వాన దానికి శత్రువైనది. 1902-03 శీతకాలమున అమెరికాలోని అలబామా రాష్ట్రమునకు చెందిన మేరీ ఆండర్సన్ అను మహిళ న్యూయార్కు నగరములో ట్రామ్ ఎక్కెను. మంచు కలిసిన వాన పడుచుండుటచే ట్రామ్ నడపువాడు ముందరి అద్దమును తెరచి, చలికి వణకుచు బాటను చూచుచుండెను. లోపల కూర్చుండి ఒక మీట త్రిప్పినచో బయట రబ్బరు పట్టీ అద్దమును తుడుచు పరికరమునకు ఆమె 1903 నవంబరులో పేటెంటు పొందెను. దానిని కొనుమని 1905లో కెనడాలోని యొక సంస్థను అడుగగా, దీనిలో లాభము లేదని వారు త్రోసిపుచ్చిరి. 1920లో పేటెంటు గడువు తీరినది. రెండేండ్లకే, 1922లో, కాడిలాక్ బండ్లన్నిటికిని వైపరు తప్పనిసరి అంగమైనది. ఆమెకు దక్కినది ఒక్క కాసైనను లేదు. 2011లో మాత్రము అమెరికా ఆవిష్కర్తల గౌరవ పట్టికలో ఆమె పేరు చేర్చిరి.

విడిచి విడిచి తుడుచు వైపరును 1960 దశకమున రూపొందించిన రాబర్ట్ కెర్న్స్ కథ ఇంకను చిత్రమైనది. వివాహమైన రాత్రి మద్యపు సీసా బిరడా ఎగిరి తగిలి ఆయన ఎడమ కంటికి చూపు పోయినది. కనురెప్ప ఊరక ఆడుచుండదు, అవసరమైనంత సేపు ఆగి వాలును గదా, వైపరు మాత్రము అట్లేల చేయరాదు అని ఆయన యోచించెను. కనురెప్పను చూచి యంత్రము నేర్చిన పాఠమది.

ఇక దోషములు. వైపరు రబ్బరు మన ఎండలకు త్వరలోనే బిరుసెక్కును. దానిలో ఇసుక రేణువు చిక్కుకొన్నచో అద్దముపై అర్ధచంద్రాకారపు గీతలు పడును. మధ్యాహ్నమున అవి కనబడవు. ఉదయ సాయంకాలముల ఏటవాలు ఎండగాని, రాత్రి ఎదురుబండి దీపముగాని వానిపై పడినప్పుడు ఒక్కొక్క గీతయు వెలుతురును చెదరగొట్టి అద్దమంతయు వెండితెరవలె మెరయును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోవును. రెండు సెకనులు కన్ను చెదరినచో 33 మీటర్ల దూరము గుడ్డిగా పోయినట్లే. ఒక చిన్న బడి పొడవంత దూరము!

ఆవిరి పొర సంగతి విద్యార్థులకు మంచి పాఠము. వానకాలమున లోని మనుష్యుల ఊపిరిలోని తేమ చల్లని గాజునంటి లోవైపున పొరయగును. ఎయిర్ కండిషనరు గాలిలోని తేమను పీల్చును గనుక దానిని వేసినచో ఈ పొర పోవును. కాని మన కోస్తా జిల్లాల ఉక్కలో లోపల మితిమీరి చల్లబరచినచో గాజే చల్లబడి, చల్లనీళ్ళ చెంబుకు చెమట పట్టినట్లు, వెలుపలివైపున పొర కమ్మును. అప్పుడు లోపల ఎంత తుడిచినను ప్రయోజనము లేదు. వైపరు ఆడింపవలెను, లోని చల్లదనము తగ్గింపవలెను. పొర ఏవైపున నున్నదో వ్రేలితో తాకి తెలిసికొనుటయే మొదటి వివేకము.

మనము కోరి తెచ్చుకొను పొరలును కలవు. కేంద్ర మోటారు వాహనముల నియమములు, 1989, ముందు వెనుకల అద్దముల గుండ 70 శాతమును, ప్రక్క అద్దముల గుండ 50 శాతమును తక్కువ కాకుండ వెలుతురు చొరబడవలెనని విధించినవి. ఎండకును ఏకాంతమునకును అద్దములకు నల్లని ఫిలిము అతికించు ఆచారము ప్రబలగా, 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు దానిని నిషేధించెను. పగలు చల్లగా తోచు ఆ నలుపు రాత్రివేళ ప్రక్కవీధినుండి వచ్చు సైకిలును మ్రింగివేయును. లారీల ముందరి అద్దముపై వ్రేలాడు కుచ్చులు, దండలు, నిమ్మకాయలును ఇట్టివే. భక్తిని నేను తప్పు పట్టను. కాని దేవుని పటమునకు చోటు చూపునకు అడ్డము రాని తావున చూడవలెను.

రెండవ కన్ను

సింహము నాలుగడుగులు నడచి ఒక్కమారు వెనుకకు తిరిగి చూచునట. దానిని మనవారు సింహావలోకనమనిరి. సారథికి ఆ పని అద్దము చేయును. సింహమునకు వలె ఆగవలసిన పని లేదు.

1909లో ఇంగ్లండులో మోటారు పందెములలో పేరొందిన డొరొతీ లెవిట్ అను మహిళ, స్త్రీలకు మోటారు విద్య నేర్పుచు వ్రాసిన గ్రంథమున, బండిలో ఒక చేతి అద్దమును దగ్గర నుంచుకొని అప్పుడప్పుడు ఎత్తి వెనుక చూచుకొనుడని సలహా ఇచ్చెను. అలంకారమునకై పుట్టిన వస్తువు ఆ విధముగా రక్షణకు వచ్చినది. రెండేండ్లకు, 1911 మే 30న, అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున మొదటి 500 మైళ్ళ పందెము జరిగినది. తక్కిన బండ్లలో సారథి ప్రక్కన ఒక మెకానిక్కు కూర్చుండి వెనుక వచ్చు బండ్లను చూచి చెప్పెడివాడు. రే హారూన్ మాత్రము ఒంటి సీటు బండితో వచ్చెను. వెనుక చూచువాడు లేడని ఇతరులు అభ్యంతరము చెప్పగా, తన ఎదుట ఒక అద్దము బిగించుకొని పందెమున దిగి, గెలిచెను. వెనుక చూపు అద్దము చరిత్రలో ఇది ప్రసిద్ధ ఘట్టము. కాని ఇటుకలు పరచిన ఆ బాటపై బండి అదురునకు అద్దము వణకి, అందులో తనకేమియు కనబడలేదని హారూన్ తరువాత చెప్పెనని ప్రతీతి. ప్రసిద్ధికెక్కిన మొదటి అద్దమే దోషముతో కూడినది! బిగింపు సడలి వణకు అద్దము ఉన్నను లేనట్లేనని ఆనాడే తేలినది.

ప్రక్క అద్దములు పెక్కింటిని ఉబ్బెత్తుగా చేయుదురు. చదునైన అద్దము కొంత మేరనే చూపును. ఉబ్బెత్తు అద్దము విశాలమైన మేరను చూపును. కాని ఆ విశాలత ఉచితముగా రాదు. స్టీలు గరిటె వెనుకవైపున ముఖము చూచుకొన్న పిల్లలకు ఈ సంగతి తెలియును: ప్రతిబింబము చిన్నదగును. అద్దములో కొండ చిన్నదగుటను గూర్చిన మన శతకకారుని ఉపమానము ఏ విద్యార్థికి రాదు? చిన్నదిగా కనబడినదానిని మన బుద్ధి దూరముగా నున్నదని ఎంచును. వెనుక వచ్చు లారీ చీమంత కనబడగా "ఇంకను దూరమున్నది" అనుకొని బండి త్రిప్పినవాడు, ఆ లారీ అప్పటికే ప్రక్కకు వచ్చి యుండుట చూచి అదరిపడును. అమెరికాలో సారథికి అవతలి ప్రక్కనున్న ఉబ్బెత్తు అద్దముపై, ఇందు కనబడు వస్తువులు మీరనుకొన్నదానికంటె చేరువలో నున్నవను హెచ్చరిక చెక్కవలెనని నియమము కలదు. విశాలతయు యథార్థతయు ఒకే అద్దమున ఇముడునా యని గణితజ్ఞులును తలపట్టిరి. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆండ్రూ హిక్స్ గణితము సాయముతో అద్దపు వంపును బిందువు బిందువుగా నిర్ణయించి, వస్తువుల రూపము అంతగా చెడకుండ సుమారు 45 డిగ్రీల మేర చూపు అద్దమునకు 2012లో పేటెంటు పొందెను. చదునైన అద్దము చూపునది 15 లేక 17 డిగ్రీలే.

రాత్రివేళ వెనుక బండి దీపము కన్నులలో కొట్టకుండ లోపలి అద్దము క్రింద ఒక చిన్న మీట ఉండును. అందలి గాజు ఒకవైపు మందము, ఒకవైపు పలుచన. మీట నొక్కగా వెండిపూత ప్రతిబింబము పైకప్పు వైపు పోయి, గాజు ముందరి తలమునుండి మరలు నూటికి నాలుగు పాళ్ళ వెలుతురు మాత్రమే కంటిని చేరును. ఎంత చిన్న యుక్తి, ఎంత పెద్ద మేలు!

మన దేశమున సారథి కుడివైపున గూర్చుండును. అందుచే ఎడమ ప్రక్క అతనికి చీకటి ప్రక్క. సైకిలు వాడును, పాదచారియు, బస్సు దిగు ముసలమ్మయు ఆ ప్రక్కనే యుందురు. ఎడమ అద్దము పగిలిన బండి సగము లోకమును చూడని బండి. మోటారు సైకిళ్ళ యువకులు కొందరు అందమునకు అడ్డమని అద్దములు విప్పి ఇంటిలో పెట్టుదురు. అద్దములు సరిగా నున్నను, లోపలి అద్దమునకును ప్రక్క అద్దమునకును దొరకని యొక చోటు సారథి భుజము వెనుక మిగిలియే యుండును. ముందరి అద్దమునకు ఇరుప్రక్కల నిలువు కమ్ములు దాచు చోటులును అట్టివే. అడ్డదారిలో వచ్చు ఒక మోటారు సైకిలు కమ్ము చాటున పూర్తిగా దాగగలదు. దానికి మందు మెడ కదల్చుటయే.

మూడవ కన్ను

కెమెరా రాకముందు లారీలకు వెనుక కన్ను క్లీనరు. బండి వెనుకకు తీయునప్పుడు అతడు దిగి, వెనుక నిలిచి, చేతితో రేకును తట్టుచు "రానీ... రానీ... రైట్... ఆపు!" అని కేక వేయును. ఈ కేక వినని తెలుగు ఊరు లేదు.

ఆ దినము వేపచెట్టు క్రింద డ్రైవరు ఈ కేకను గూర్చి ఒక సంగతి చెప్పెను. ఆయన మాటలలోనే వ్రాయుచున్నాను.

"వాడు మా మేనల్లుడు మేష్టారూ. అప్పుడు నేను లారీ మీద ఉన్నాను. పద్దెనిమిదేళ్ళ వాణ్ణి క్లీనరుగా నేనే తెచ్చుకున్నాను. ఎడమవైపు అద్దం పగిలి నెల రోజులైంది. వచ్చే ట్రిప్పుకు వేయిద్దామంటాడు యజమాని. గట్టిగా అడగలేక ఊరుకున్నాను నేను. ఒక రాత్రి మిల్లు దొడ్లో వెనక్కి తీస్తున్నాను. 'రానీ, రానీ' అంటున్నాడు. తరువాత కేక ఆగింది. ఇంజను మోతలో ఆగిన సంగతి నాకు తెలియలేదు. అంటూనే ఉన్నాడనుకున్నాను."

గోడకును బండికిని నడుమ ఆ యువకుని కాలు నలిగినది. ప్రాణము దక్కినది, కాలు దక్కలేదు. "ఇప్పుడు ఊళ్ళో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది" అని ఆయన ముగించెను. మిత్రుడును నేనును మాటలాడలేకపోతిమి.

ఇటువంటి దుఃఖమే దూరదేశమున ఒక చట్టమునకు కారణమైనది. 2002లో అమెరికాలో ఒక తండ్రి ఇంటిముందు బండి వెనుకకు తీయుచుండగా రెండేండ్ల కుమారుడు దానిక్రింద పడి మరణించెను. అద్దములన్నియు సరిగానే యుండెను. శిశువు వానికందని చోట నుండెను. వెనుక చూపు నిచ్చు ఏర్పాటు ప్రతి బండికి ఉండవలెనని ఆ శిశువు పేరిట 2008లో చట్టము చేసిరి. దాని అమలు పలుమారులు వాయిదాపడి, 2018 మే 1 నుండి ఆ దేశమున క్రొత్త కారులన్నిటికిని వెనుక కెమెరా తప్పనిసరియైనది. బండి వెనుక సుమారు మూడు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవు మేర కనబడవలెను. వెనుక గేరు వేసిన రెండు సెకనులలో బొమ్మ రావలెను. ఇవి నియమములు. కెమెరా తలంపు మాత్రము పాతదే. 1956లోనే బ్యూయిక్ సంస్థ ప్రదర్శించిన యొక నమూనా కారున అద్దమునకు బదులు వెనుక టెలివిజను కెమెరా ఉండెను. మన దేశమున కారులకు వెనుక అడ్డమును పసిగట్టి కూత పెట్టు పరికరము 2019 జులై నుండి తప్పనిసరి చేయబడినది.

కాని మూడవ కంటికిని రోగములు కలవు. లెన్సుపై బురదచుక్క పడినచో బొమ్మ సగము పోవును. వానచినుకు నిలిచినచో వెనుకనున్నది అలలాడును. విశాలమును చూపు లెన్సు గనుక ఉబ్బెత్తు అద్దమువలెనే ఇదియు దూరమును తప్పుగా చెప్పును. తీగ సడలినచో తెర నల్లబడును. 2024 నవంబరులో, వెనుక కెమెరా దోషమున్న బండ్లను సకాలమున వెనుకకు పిలువలేదను కారణముతో సహా పలు లోపములకు, ఫోర్డు సంస్థ 16 కోట్ల 50 లక్షల డాలర్ల వరకు జరిమానాకు అమెరికా ప్రభుత్వముతో ఒప్పుకొనవలసి వచ్చినది. కెమెరా ఆడంబరము కాదు, కన్ను అని రాజ్యమే అంగీకరించినదనుటకు ఇది సాక్ష్యము.

ఈ దోషములన్నిటిలో నాకు భయంకరముగా తోచునది వేరొకటి. నల్లబడిన తెర తాను గ్రుడ్డిదానినని చెప్పును. సారథి జాగ్రత్త పడును. కాని ఒక్కొక్కప్పుడు బొమ్మ కదలక గడ్డకట్టును. క్షణము క్రిందటి ఖాళీస్థలమునే చూపుచుండును. ఆ క్షణములో అచ్చటికి ఒక బిడ్డ వచ్చియుండవచ్చును. ఆగిపోయిన కేకను ఇంకను వినుచున్నాననుకొన్న డ్రైవరు మాట నాకు అప్పుడు గుర్తువచ్చును. చూపని కన్ను కంటె, చూపుచున్నట్లు నటించు కన్ను ప్రమాదకరము. అందుచేతనే పాతకాలపు డ్రైవర్లకు ఒక కట్టుబాటు ఉండెడిది: వెనుకనున్నవాడు కనబడకున్నను, వినబడకున్నను, బండి ఆపవలెను. కెమెరాకును ఈ కట్టుబాటే చెల్లును. బొమ్మ కదలుచున్నదా లేదా యని చూచిన పిమ్మటనే బండి కదల్పవలెను.

ముంజేతి కంకణము

"ముంజేతి కంకణమునకు అద్దమేల?" అని మన సామెత. కంటికి నేరుగా కనబడుదానికి అద్దము అక్కరలేదు. ఈ సామెతయే లండను నగరమున శాసనమైనది. ఎత్తైన పెద్ద లారీల ప్రక్కన సైకిలువారును పాదచారులును నలిగిపోవుచుండగా, అద్దములపై అద్దములు తగిలించుటతో తృప్తిపడక, సారథి తన స్థానమునుండి నేరుగా ఎంత మేర చూడగలడో కొలిచి, లారీలకు సున్న నుండి అయిదు వరకు నక్షత్రము లిచ్చిరి. 12 టన్నులకు మించిన లారీ నగరమున తిరుగుటకు 2021లో కనీసము ఒక నక్షత్రము కావలెననిరి. 2024 అక్టోబరు 28 నుండి మూడు కావలెననిరి. అంత చూపు లేనివి కెమెరాలు, పసిగట్టు పరికరములు మొదలైనవి అమర్చుకొనవలెను. అనగా మొదట నేరుగా చూడుము, చూడలేనిచో అద్దమును చూడుము, దానికి అందనిచో కెమెరాను చూడుము. మూడు కన్నులకును ఇది వరుస. మూడవది వచ్చినదని మొదటిదానిని మూయుట తెలివి కాదు.

ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. సుద్దముక్కయు, ఒక తాడును, నిలిపిన బస్సును ఉన్నచో ఇంతకు మించిన క్షేత్రగణిత పాఠము లేదు. తాళపు చెవి ఉపాధ్యాయుని చేతిలో నుండగా ఒకరు డ్రైవరు సీటులో కూర్చుండవలెను. మరియొకరు ఒకటవ తరగతి పిల్లవాని ఎత్తు కర్రను పట్టుకొని బస్సు చుట్టును తిరుగవలెను. కర్ర కొస కనబడని చోటులనెల్ల సుద్దతో గుర్తింపవలెను. ఆ గీతల లోపల నున్నదే డ్రైవరునకు లేని లోకము. తాము ఆ గీతలలో నిలిచి చూచిన పిల్లలు బస్సు ముక్కు ముందర పడిన బంతికై మరల వంగరు. డ్రైవరు కన్నును తాము చూచినచోనే అతడు తమను చూచినట్లని వారికి తెలియును.

మేము ఆ దినమే ఆ పని చేసితిమి. సుద్ద గీతలు బస్సు చుట్టును ఒక పెద్ద ఆకువలె ఏర్పడినవి. ఎడమ ముందరి మూలన ఆకు మిక్కిలి వెడల్పు. ప్రధానోపాధ్యాయుడు వచ్చి చాల సేపు మాటలాడక నిలిచెను. వారము తిరుగకముందే పగిలిన అద్దమును తీయించి క్రొత్తది వేయించెననియు, బస్సు ముక్కు కొసన ముందరి నేల కనబడునట్లు ఉబ్బెత్తు అద్దమొకటి అమర్పించెననియు మిత్రుడు జాబు వ్రాసెను. ఖర్చు ఆ బస్సునకు ఒక టైరు ఖరీదు కంటె చాల తక్కువట.

అద్దములు క్రొత్తవి వచ్చినను డ్రైవరు తన పాత అలవాటును మానలేదు. ప్రతి సాయంకాలము పిల్లలెక్కిన పిమ్మట, తాళపు చెవి చేతబట్టుకొని, బస్సు చుట్టును ఒక ప్రదక్షిణము చేయును. వంగి చక్రముల క్రింద చూచును. ఒకనాడు కిటికీలోనుండి ఒక చిన్నవాడు, "తాతా, రోజూ బస్సు చుట్టూ ఎందుకు తిరుగుతావు?" అని అడిగెనట.

"మీలో ఎవడైనా దాక్కున్నాడేమోనని" అని చెప్పి, ఆయన ఎక్కి, ఎడమ అద్దమును ఒక్కమారు తుడిచి చూచుకొని, బండి కదల్చెనట.